వెండి భరిణె, మట్టి ముంత

తలంటు పీట మీద కూర్చున్న భీమభూపతికి ఓ పొద్దున ఉన్నట్టుండి సందేహం వచ్చింది. మా తాతముత్తాతలు తలకేం రాసుకునేవారు?

సభలో అదే అడిగాడు. ఇంకేముంది, సుగంధాల అధికారి వామదేవుడు మీసం దువ్వుతూ లేచాడు.

"కస్తూరి, పునుగు, కుంకుమపువ్వు కలిపి మా వంశం ఏడు తరాలుగా కాచిన తైలం ప్రభూ! నిన్న మీ జలకాల గదిలో పెట్టించాను, వెండి భరిణెలో. ఆ కొమ్మక్క రాసే నూనె గేదెలకు పనికొస్తుంది. ముసలిదాన్ని పంపించేయండి!"

రాజుగారికి రోజూ తలంటే కొమ్మక్క మూలన నిలబడి తన చేతులకేసి చూసుకుంది. రాజుగారి పుట్టువెంట్రుకలకు నూనె పెట్టింది ఈ చేతులే. ఈ వయసులో పొమ్మంటే ఎక్కడికి పోతుంది? దిగులు సరే, ఒళ్ళు కూడా మండింది.

"తమ తాతగారు పెద్ద రాజుగారికి తలంటింది మా అమ్మమ్మ, ప్రభూ. నువ్వుల్ని సంపెంగ పూల మధ్య పొరలుగా పరిచి, పూలు వాడినప్పుడల్లా మార్చి, ఆనక గానుగాడించిన నూనె అది. నేను రాసేదీ అదే."

"రుజువేదే?" అన్నాడు వామదేవుడు.

"ఏది రాజవంశపు నూనో తమరి ముక్కే తేల్చాలి అయ్యగారూ. తేడా వస్తే ఇవాళే మూట సర్దుకుంటా."

వామదేవుడు పొంగిపోయాడు. "నా ముక్కు పొరబడితే నేనే కొలువు వదిలేస్తా!"

కొమ్మక్క జలకాల గదికి వెళ్ళి వెండి భరిణె, మట్టి ముంత తెచ్చి ముందు పెట్టింది.

వామదేవుడు భరిణె మూత తీసి కళ్ళు మూసుకున్నాడు. "ఆహా! కస్తూరి! రాజవంశపు నూనె అంటే ఇదీ!" ముంత దగ్గరకు వంగి ముక్కు మూసుకున్నాడు. "ఛీ! గొడ్లసావిడి కంపు!"

రాజు రెండింట్లో వేలు ముంచి వాసన చూశాడు. రెండూ ఒకటే! పొద్దున తన తలకంటిన సంపెంగ నూనే.

"ఇదేమిటి కొమ్మక్కా?"

"అయ్యగారు ముక్కుతో కాదు ప్రభూ, కళ్ళతో వాసన చూస్తారు!"

"నా తైలం ఏం చేశావే?" గావుకేక పెట్టాడు వామదేవుడు.

"ఇప్పుడే దీపంలో పోసి, భరిణెలో నా నూనె నింపి తెచ్చానయ్యా. గదిలో దోమ ఒక్కటి మిగల్లేదు. ఆ పనికి మాత్రం భేషైన సరుకు."

సభంతా పగలబడి నవ్వింది. రాజు కళ్ళు తుడుచుకుంటూ భరిణె నిండా వరహాలు పోయించి కొమ్మక్క చేతికిచ్చాడు. మట్టి ముంత వామదేవుడి చేతిలో పెట్టాడు.

"మా తాతల నూనె ఇదేనని మీ ఏడు తరాల ముక్కే చెప్పింది కదయ్యా. దారిలో రాసుకుంటూ వెళ్ళు!"