మదనపల్లెలో విప్పిన పెట్టె

పని పూర్తయిందని ఎట్లా తెలుస్తుందని శిష్యులెవరైనా అడిగితే ఖాజావలి ఉస్తాద్ వెంటనే జవాబు చెప్పేవారు కారు. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు ఇంజన్లు విప్పి బిగించిన మనిషి ఆయన. పానాతో తేలేదానికి నోరు నొప్పి పెట్టుకోవడం దేనికని ఆయన అభిప్రాయం. అందుకని ఆయన్ని ప్రశ్న అడిగినవాడు జవాబు కోసం ఒళ్లు వంచవలసి వచ్చేది.

ఈసారి అడిగినవాడు చక్రపాణి. పన్నెండేళ్లుగా ఆయన దగ్గరే ఉన్నాడు, షెడ్డులో అతనికంటే చెయ్యి తిరిగినవాడు లేడు. ఆ సంగతి అతనికీ తెలుసు, కాస్త ఎక్కువే తెలుసు. మూడేళ్లుగా అతను ఒక రకం స్పోర్ట్స్ కారుకి జంట టర్బోల కిట్టు తయారు చేస్తున్నాడు. ఇంజను వదిలేసే పొగ తోపుతోనే తిరుగుతూ, ఆ ఇంజనులోకే మరింత గాలిని దట్టించే చిన్న యంత్రం టర్బో. కుడివైపొకటి, ఎడమవైపొకటి. వాటితోపాటు గొట్టాలు, బోల్టులు, ఎట్లా బిగించాలో చెప్పే కాగితాలు అన్నీ ఒక పెట్టెలో పెడితే అది కిట్టు. షెడ్డులో ఉన్న కారుకి చక్రపాణి దాన్ని పదకొండుసార్లు బిగించాడు, పదకొండుసార్లు విప్పాడు. ప్రతిసారీ బండి పులిలా లేచింది. పన్నెండు ఊళ్లలో ఆ రకం కార్లున్న పన్నెండు మంది దానికోసం ఎదురు చూస్తున్నారు. ఉస్తాద్ సరేనంటే పెట్టె మీద అతని పేరు పడుతుంది. కాదంటే మూడేళ్ల బతుకు మూలన పడుతుంది. ఆయన సరేననడం లేదు, కాదనడం లేదు. ఇక ఉండబట్టలేక, ఇంకా ఏం చూస్తే పని పూర్తయిందని నమ్ముతారని అడిగేశాడు.

ఉస్తాద్ టీ తాగి గ్లాసు కింద పెట్టారు. కిట్టంతా పెట్టెలో సర్దమన్నారు. మర్నాడు ఇద్దరూ మదనపల్లె వెళ్లారు. అక్కడ టమోటా మండీ వ్యాపారి ఒకాయనకి అదే రకం కారుంది. ప్రయోగానికి ఆయన ఒప్పుకున్నాడు. అన్నీ కుదిరితే ఆదివారం భార్యాపిల్లలతో ఘాట్ రోడ్డు మీద తిరుపతి వెళ్లాలని కూడా అనుకున్నాడు. బిగించే పని గంగులప్ప అనే స్థానిక మెకానిక్కుది. ముప్పై ఏళ్ల అనుభవం, నిదానస్తుడు. టర్బోలు తెలుసు గానీ ఈ కిట్టుని కంటితో చూడలేదు.

పెట్టె విప్పేముందు ఉస్తాద్ చక్రపాణిని పక్కకి పిలిచారు. "అదిగో ఆ స్టూలు మీద కూర్చో. నోరు మెదపకు, చెయ్యి పెట్టకు. ఈ బండి దగ్గర నువ్వు లేవు," అన్నారు.

చక్రపాణి లోపల నవ్వుకుని కూర్చున్నాడు. గంగులప్ప కళ్లజోడు తుడుచుకుని, కాగితాలు బానెట్ మీద పరిచి, ఒక్కొక్క వాక్యం పైకి చదువుకుంటూ పని మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ఎడమ టర్బో కూర్చుంది. అంత శుభ్రమైన పని చూసి చక్రపాణికి ముచ్చటేసింది. కుడివైపు టర్బోకి నూనె వెనక్కి దిగే గొట్టం ఒకటుంది. వాడిన నూనె దానిలోంచి జారి ఇంజను అడుగుకి చేరాలి. రెండు చివర్లూ క్లిప్పులతో బిగించమని కాగితంలో ఉంది. గంగులప్ప రెండు చివర్లూ బిగించాడు. గొట్టం నడుమ ఉయ్యాలలా కిందికి జారింది.

చక్రపాణి ముళ్ల మీద కూర్చున్నట్టయ్యాడు. అప్పుడు తన చెయ్యి చూసుకున్నాడు. కుడి బొటనవేలు తన తొడనే గట్టిగా పైకి ఒత్తుతోంది. పదకొండుసార్లూ క్లిప్పు బిగించే ముందు ఆ వేలే గొట్టాన్ని అడుగునుంచి పైకి ఎత్తిపట్టింది. ఆ పని తను చేస్తున్నట్టు అతనికే తెలియదు. తెలియనిది కాగితంలోకి ఎట్లా వస్తుంది? నోరు తెరవబోయాడు. ఉస్తాద్ అతని వైపు ఒక్కసారి చూశారు. అతను ఆగిపోయాడు.

సాయంత్రం నాలుగింటికి ఇంజను మోగింది. పది నిమిషాలు చక్కగా ఆడింది. ఆ తర్వాత కుడి సైలెన్సర్ లోంచి నీలంగా పొగ మొదలైంది. దిగే దారి లేక నూనె టర్బోలో నిండి, పొగ గొట్టంలోకి పొర్లుతోంది. ఇది ఘాట్ రోడ్డు మీద, వెనక సీట్లో పిల్లలుండగా జరిగితే ఏమయ్యేదో చక్రపాణి కళ్ల ముందు ఆడింది.

గంగులప్ప ఇంజను ఆపి మళ్లీ కాగితాలు తీశాడు. ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. ఇక్కడ నిజంగానే మద్దెల ఓడు, అయినా ఆ పెద్దమనిషి ఆ మాట అనలేదు. మొదటి పుట నుంచి చివరి పుట దాకా వేలుపెట్టి చదివి, వచ్చి ఉస్తాద్ ముందు తలవంచుకుని నిలబడ్డాడు.

"కాగితంలో ఎట్లుండాదో అట్లే బిగిస్తిని సార్. నా చేతిలోనే ఏదో దోషముండాది. ముప్పై ఏండ్లు చేసినా, ఇంత పెద్ద పని నాకు తగదేమో."

ఆ మాట చక్రపాణి భరించలేకపోయాడు. ఆజ్ఞ మీరి లేచి వెళ్లి, అన్నా, తప్పు మీది కాదు, నాది అని గంగులప్పకి చెప్పాడు. బండి కిందికి దూరి, గొట్టాన్ని ఎత్తిపట్టి, క్లిప్పు మళ్లీ బిగించాడు. ఇంజను వేస్తే, మిగిలిన నూనె కాలిపోయేదాకా కాసేపు పొగ వచ్చి, తర్వాత ఆగిపోయింది. గంగులప్ప ముఖం విచ్చుకుంది. "మీ చేతిలో విద్య ఉండాది సార్," అన్నాడు మనస్ఫూర్తిగా. పన్నెండేళ్లుగా చక్రపాణి ఇట్లాంటి మాటల కోసమే పనిచేశాడు. ఈరోజు అది చెంపదెబ్బలా తగిలింది.

ఉస్తాద్ మాత్రం కిట్టంతా విప్పి పెట్టెలో పెట్టమని, బండిని ఎట్లా వచ్చిందో అట్లా యజమానికి అప్పగించమని గంగులప్పకి మర్యాదగా చెప్పారు. చక్రపాణి చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. గొట్టాన్ని ఎత్తిపట్టి బిగించాలని కాగితంలో ఒక్క వాక్యం చేర్చి ఇప్పుడే ఇచ్చేస్తానని, దయచేసి పెట్టె వెనక్కి తీసుకుపోవద్దని బతిమాలాడు.

ఉస్తాద్ అతని కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, వెలుగులో అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూశారు. ఆ చేతికి పానా పట్టడం నేర్పింది ఆయనే.

"మంచి చెయ్యి," అన్నారు. "నీకు తెలియకుండా అది ఇంకా ఏమేం చేస్తోందో ఒక్క వాక్యంలో పట్టదు." తర్వాత మెల్లగా, "ఆ పెట్టెలోంచి నీ బొటనవేలు తీసెయ్, నాయనా," అన్నారు.