పొగ అందని చోటు

మేఘపురి అనే రాజ్యం ఒకటి ఉండేదట. అక్కడ బండ్లు నిప్పుతో నడిచేవి, మగ్గాలు నిప్పుతో ఆడేవి, చలికాలమంతా జనం కుంపట్ల చుట్టూనే బతికేవారు. ఊరిమీద పొగ దుప్పటిలా పరుచుకుని, పట్టపగలు కూడా ఆ ఊరు నిద్రలో కనిపించే ఊరిలా మసకమసకగా ఉండేది.

ఆ రాజ్యాన్ని ఏలే గగనేంద్రుడికి తాను చంద్రవంశపువాడినని మహా గర్వం. అలాంటివాడికి చంద్రుడే కనబడకుండా పోయాడు. ఆయనకు కోపం వచ్చి, ఎవరు ఎంత పొగ వదిలితే అంత పన్ను కట్టాలని చాటింపు వేయించాడు. జనం గొణుక్కుంటూనే కట్టారు. బొక్కసం నిండింది గాని పొగ తగ్గలేదు. బండివాడికి ఆ నిప్పుబండి తప్ప వేరే దారేదీ?

రాజుగారు ఆస్థానంలో కథలు చెప్పే కామసానిని పిలిపించాడు. ఆమె నోటి చురుకుకు పండితులు కూడా జంకేవారు.

“పన్నుసొమ్మంతా నీ చేతిలో పెడుతున్నాను. పొగ అందని చోటు ఒకటి కట్టించు. మబ్బుల్లో నిలబడి చంద్రుణ్ణి చూడాలి నేను. వచ్చే కార్తీకానికి పూర్తికాకపోతే రాజ్యం విడిచి పోదువుగాని,” అన్నాడు.

ఆకాశమంత మేడ కట్టాలంటే ఎన్ని ఇటుకబట్టీలు మండాలో కామసాని ఊహించుకుంది. మేడతోపాటే పొగా పైకి లేస్తుంది. ఆ సంగతి పైకి అనలేదు. పని పూర్తయ్యేదాకా ప్రభువులు చూడకూడదని మాత్రం మాట తీసుకుంది. మసిపడి పట్టుబట్టలు పాడవుతాయని ఆయన ఎలాగూ కోట దాటేవాడు కాడు.

ఆమె నేరుగా ఏటికి ఎగువనున్న సాలెపేటకు వెళ్ళింది. గాలి అటునుంచే ఊళ్ళోకి వీస్తుంది. పన్ను కట్టి విసిగిన జనం ఆమెను చూసి మొహం తిప్పుకున్నారు. ఎర్రక్క అనే ముసలామె అయితే, ఇంకా ఏం పట్టుకుపోవడానికి వచ్చావని నిలదీసింది. పట్టుకుపోవడానికి కాదు, ఇవ్వడానికి వచ్చానంటే ఎవరూ నమ్మలేదు.

కాలువ తవ్వించి తెరచాప పడవలు దింపాక నమ్మారు. తరువాత గాలిమరలు లేచాయి, మగ్గాలు వాటితో ఆడాయి. ఇళ్ళకు మందపాటి మట్టిగోడలు పెట్టించి కప్పులు బాగుచేయిస్తే, కుంపటి లేకుండానే లోపల వెచ్చగా ఉండసాగింది. ఒక్కొక్క పొగగొట్టమే చల్లారింది. సాలెపేట మీద ఆకాశం, జాడించి ఆరేసిన చీరలా మెల్లగా రంగు తేలింది.

కార్తీకం వచ్చింది. ఓ సాయంత్రం కామసాని రాజుగారిని తెరలు దించిన పల్లకీలో ఎక్కించింది. దారిలో పొగ కళ్ళకు మంచిది కాదంది. బోయీలు పల్లకీ ముందువైపు ఎత్తిపట్టి, వెనకవైపు వంగి నడిచారు. ఇంకా ఎంత ఎత్తని ఆయన లోపలినుంచి అడిగినప్పుడల్లా కామసాని, ఇంకాస్త దూరమేనంది. ఇది వికటిస్తే ఈ నేలమీద ఆమెకు ఇదే చివరి సాయంత్రం.

తెరలు తీశారు. రాజుగారు కిందికి దిగాడు. ఏటినుంచి లేచిన మంచు రాజుగారి మోకాళ్ళదాకా తెల్లగా కదులుతోంది. పైన నెలవంక, దాని పక్కన చుక్క. ఆయన తల పైకెత్తి అలాగే చూశాడు.

“మబ్బులమీద నిలబడ్డాను,” అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు.

మంచులోంచి ఎర్రక్క చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. రాజు ఆశ్చర్యపోయాడు.

“ఇంత ఎత్తు ఎలా ఎక్కావవ్వా?”

“ఎక్కడమేమిటి బాబూ? ఇది మా వీధి.”

రాజు కాలితో తడిమి చూశాడు. మట్టే. మొహం కందగడ్డయింది. మేడ ఏదని కామసానిని అడిగాడు.

“ప్రభువులు మేడ అడగలేదు, పొగ అందని చోటు అడిగారు,” అంది ఆమె. “మేడమీద తమరొక్కరే నిలబడతారు. ఇక్కడ తమరికీ చోటుంది, వీళ్ళకీ ఉంది.”

“మరి నేను ఎక్కిందేమిటి?”

“చదునైన బాటే ప్రభూ. బోయీలే కాస్త వంగి నడిచారు.”

రాజుగారి పెదవులు బిగుసుకున్నాయి, వణికాయి, ఆపుకోలేక నవ్వు బయటపడింది. పల్లకీలో తాను కడ్డీ పట్టుకుని కూర్చున్న తీరు తలచుకుని మరీ నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి ఆమెకిచ్చి, ఇంకా ఏం కావాలో కోరుకోమన్నాడు. పొగపన్ను ఏటేటా ఒక్కో పేటకు ఇలాగే ఖర్చు కావాలని, కోటలోని వంటశాలలు కూడా ఆ పన్ను కట్టాలని ఆమె కోరింది. నా చేతే కట్టిస్తావా అని ఆయన మళ్ళీ నవ్వి, సరేనన్నాడు.

బయల్దేరదామా అని బోయీలు అడిగితే చెయ్యి ఊపి ఆగమన్నాడు. నెలవంక ఏటి అవతలికి జారేదాకా ఎర్రక్క వాకిట్లో వేసిన నులకమంచం మీద కూర్చున్నాడు, చెంబులో నీళ్ళు తాగడం మరచిపోయి.