పొడి బిస్కెట్లు

కన్యాస్త్రీల మఠంలో కొత్తగా చేరిన అమ్మాయిలకు శిక్షణ ఇచ్చే పని సిస్టర్ లూర్దుది. ఆ రోజు పొద్దున్నే ఆవిడ మఠానికి పెద్దయిన మదర్ ఆగ్నేసు గదికి వెళ్ళింది.

"శౌరమ్మ మన దారికి రాదు మదర్. సాయంత్రం వాళ్ళ నాన్న వస్తున్నాడుగా, ఆయనతో పంపించేద్దాం."

"ఏం చేసింది?"

"నా ప్రసంగం ఎలా ఉందమ్మా అని ఫాదరుగారు అడిగితే, 'అయిపోయిందని రెండుసార్లు సంతోషపడ్డాను ఫాదర్' అంది."

మదర్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆయనేమన్నారు?"

"నవ్వారు. అది ఆయన మంచితనం. ఆ పిల్ల ఉత్త రాయి మదర్. నేను చెప్పడంలో లోపం లేదు. అన్నం తినేటప్పుడు ఓర్పు గురించి చెబుతున్నాను. అంట్లు తోమేటప్పుడు వినయం గురించి చెబుతున్నాను. పడుకోబోయే ముందు విధేయత."

"నిద్రలో?"

"నిద్రలో ఎలా చెబుతాను మదర్?"

"అమ్మయ్య. సరే, సాయంత్రం చూద్దాం. పద, వంటింట్లో పనుంది."

ఆ రోజు మఠంలో పండగ. పాయసం వండుదామంటే గ్యాస్ అయిపోయింది. వాళ్ళు వంటింట్లో అడుగు పెట్టేసరికి శౌరమ్మ ఫోన్ పట్టుకుని ఎదురొచ్చింది.

"సిలిండర్ రేపుగానీ రాదంట మదర్. ఇయ్యాళ మాకు పండగ బాబూ అన్నా. పండగొస్తుందని ముందు తెలవదా, బుక్ చేసుకోవద్దా అన్నాడు. నిజమేగా? బుక్ చేయాల్సింది సిస్టరే."

చెప్పాల్సింది చెప్పేసి వెళ్ళిపోయింది.

"చూశారా?" అంది సిస్టర్ లూర్దు.

"చూశాను. పొయ్యి లేకుండానే చేద్దాం."

సిలిండర్ తేలిగ్గా కదులుతుంటే, గ్యాస్ అయిపోవచ్చిందని మదర్‌కి రాత్రే అనుమానం వచ్చింది. అప్పుడే పెరుగును పల్చటి గుడ్డలో మూటగట్టి కుళాయికి వేలాడదీసింది. తెల్లారేసరికి నీళ్ళన్నీ కారిపోయి అది వెన్నముద్దలా తయారైంది. ఇప్పుడు అందులో పంచదార పొడి, యాలకుల పొడి, కొంచెం మీగడ వేసి గిలక్కొట్టింది. లోతైన స్టీలు గిన్నె, మారీ బిస్కెట్ల పొట్లాలు సిస్టర్ ముందుకు జరిపింది.

"అడుగున బిస్కెట్లు పరుచు."

సిస్టర్ లూర్దు వెంటనే గ్లాసులో పాలు పోసుకుంది. ఒక బిస్కెట్ ముంచి, మెత్తబడిందో లేదోనని నొక్కి చూసి, చాలదని మళ్ళీ ముంచింది. పైకి తీసేసరికి వేళ్ళ మధ్య సగమే మిగిలింది. రెండోదీ అంతే. మూడోదాన్ని పట్టుగా పట్టుకుంటే అది పట్టిన చోటే విరిగింది.

"బిస్కెట్లు మంచివి కావు మదర్."

మదర్ పొట్లం తన వైపుకు లాక్కుని, పొడి బిస్కెట్లే గిన్నె అడుగున వరసగా పరిచింది. వాటి మీద పెరుగు పోసి గరిటెతో సర్దింది. దానిమ్మ గింజలు చల్లింది. మళ్ళీ పొడి బిస్కెట్లు, మళ్ళీ పెరుగు.

"పొడివే పెట్టేస్తున్నారా? రాళ్ళలా ఉంటాయి. మన ముసలి సిస్టర్ ఇన్నాసమ్మ గారికి అసలే కట్టుడు పళ్ళు."

"ఉండనీ."

గిన్నె మీద మూత పెట్టి ఫ్రిజ్‌లోకి తోసింది.

మధ్యాహ్నం సిస్టర్ లూర్దు చెంచా పట్టుకుని ఫ్రిజ్ తలుపు తీస్తుంటే వెనకనుంచి మదర్ గొంతు వినిపించింది. "దాన్ని పొడవకు లూర్దూ. కాసేపు అలా వదిలెయ్."

సాయంత్రం గిన్నె బయటికి తీసి మదర్ చాకు దించింది. చాకు ఎక్కడా ఆగకుండా అడుగుకంటా దిగింది. పొరలు పొరలుగా ముక్క లేచి వచ్చింది. విరగలేదు, జారలేదు. సిస్టర్ నోట్లో పెట్టుకుంది. కొరకాల్సిన పనే లేదు.

"బాగుందా?"

"చాలా బాగుంది మదర్."

"పొద్దున నువ్వు ముంచినవి ఏమయ్యాయి?"

సిస్టర్ గట్టు మీద గ్లాసు వైపు చూసింది. "అడుగున ఉన్నాయి."

ఇంతలో గేటు దగ్గర శౌరమ్మ నాన్న మాట వినబడింది. బస్సు ఆలస్యమైందని ఎవరికో చెబుతున్నాడు.

"ఆయనకేం చెప్పమంటావు?" అంది మదర్.

సిస్టర్ లూర్దు చేతిలో ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది.

"పండక్కి వచ్చిన మనిషి. తిని, ఈ రాత్రికి గెస్ట్ రూంలో పడుకుని వెళ్ళమనండి."

"మరి శౌరమ్మ?"

"అది ఇక్కడే ఉంటుంది. రేపటినుంచి వంటింట్లో నా పక్కన పనిచేస్తుంది."

"రోజంతా పక్కనే ఉంటే, దానికేం చెబుతావు?"

జవాబు చెప్పడానికి సిస్టర్ లూర్దు నోరు తెరిచింది. ఏమీ అనకుండానే మూసుకుని, ప్లేట్లు అందుకుంది.