కొమ్మ అందుకో

“తిరుపాలన్నా, నిలబడు! సద్ది మర్చిపోయి యాడికి పోతాండావు?”

వీధి చివర నుంచి సద్దిమూటతో వస్తూ లింగమ్మ వేసిన కేకకు తిరుపాలు కాళ్లు టక్కున ఆగిపోయాయి. పక్కనున్న చెక్కభజన గురువు ఓబులయ్య ముసిముసిగా నవ్వాడు. ఆయన అలవాటే అంత. శిష్యుడు ఏదన్నా అడిగితే జవాబు చెప్పడు, చెప్పులేసుకుని ఎక్కడికో వెంటబెట్టుకుపోతాడు. ముందురోజు భజన అయ్యాక తిరుపాలు అడిగింది చిన్న ప్రశ్నే. “గురువా, మద్దిలేటి నడిపించిన దారి నాకు గుర్తులేకుండా పోతాంది. దారి మర్చిపోతే మనిషిని మర్చిపోయినట్టే గదా?” అని. “పొద్దున్నే పోదాం పద,” అన్నాడు గురువు.

మద్దిలేటి అంటే లింగమ్మ మొగుడు. తిరుపాలుకు ప్రాణస్నేహితుడు, భజనలో జోడీ. జ్వరమొచ్చి పోయాడు పాపం. నల్లమలలో కాలిబాట కూడా లేనిచోట, బండల సందున, అరచెయ్యంత నీటి ఊట ఒకటుంది. దాని జాడ అతనొక్కడికే తెలుసు. ఎండాకాలం వస్తే తిరుపాలును వెంటబెట్టుకుని పోయి, ఆ నీళ్లు తాగి, రొట్టె తిని వచ్చేవాడు. అతను పోయి ఏడాది తిరిగేలోపు ఆ ఊట చూపిస్తానని తిరుపాలు లింగమ్మకు మాటిచ్చాడు. ఆమె ఆ మాటే పట్టుకుని ఇన్నాళ్లూ ఎదురుచూసింది.

ముగ్గురూ కొండెక్కారు. బాట అయిపోయినచోట తిరుపాలు ధైర్యంగా ముందుకు దూరాడు. “ఇదిగో, ఈ బండే,” అన్నాడు. అది కాదు. “ఆ వాలు దిగితే అదే,” అన్నాడు. దిగితే ఇంకో వాలు. నవ్వొచ్చే సంగతేమంటే, ఇన్నేళ్లూ అతను మద్దిలేటి వెనకాలే నడిచాడు. వెనక నడిచినవాడికి ముందువాడి వీపు తప్ప ఇంకేం తెలుస్తుంది చెప్పండి?

“ఆ వీపు కనపడితే చాలు గురువా, కండ్లు మూసుకుని పోతా,” అన్నాడు తిరుపాలు.

పరికిపొదలు అడ్డమొచ్చాయి. తిరుపాలు ముళ్లకొమ్మను పక్కకు వంచి, గట్టిగా పట్టుకుని, వెనక్కు చూడకుండానే “కొమ్మ!” అన్నాడు. ఊరికే వదిలేస్తే అది విసురుగా వచ్చి వెనకవాళ్ల ముఖాన కొడుతుంది మరి. లింగమ్మ మాత్రం చెయ్యి చాపలేదు. అట్లే నిలబడిపోయింది.

“ఏమంటివన్నా?”

“కొమ్మ. పట్టుకోమని.”

“ఎవరు నేర్పిరి నీకు?”

“ఇంకెవరు, నీ మొగుడే. వెనకవాడు అందుకునేదాకా వదిలేవాడు కాదు.”

లింగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని తిరుపాలు హడలిపోయాడు. చూస్తే నవ్వు!

“నేను బిందెతో వస్తాంటే తలుపు తెరిచి పట్టుకుని ‘కొమ్మ’ అనేవాడన్నా. పాటల్లో ఆడోళ్లను కొమ్మా అంటారే, అట్ల మురిపెంగా పిలుస్తాండాడని పెండ్లైనప్పటి నుంచి మురిసిపోతిని. చెట్టుకొమ్మా అది!”

నవ్వుతూనే ఉంది, కళ్లనీళ్లు మాత్రం కారిపోతున్నాయి. ఓబులయ్యకూ నవ్వాగలేదు. “వాడికి అడివీ తెలుసు, పాటా తెలుసు. ఏది అనుకుని పిలిచినాడో మనమేం చెప్తాం తల్లీ,” అన్నాడు.

మధ్యాహ్నం దాకా తిరిగినా ఊట దొరకలేదు. తిరుపాలు తల వంచుకున్నాడు. “మాట తప్పితి లింగమ్మా.”

“ఆకలైతాంది. ముందు కూర్చుందాం రా,” అందామె.

ఆ దగ్గర్లో నీడ ఉన్నది ఒక్క పొద కిందే. ఓబులయ్య అడ్డంగా వాలిన ముళ్లకొమ్మను పైకెత్తి పట్టుకున్నాడు. లింగమ్మ లోపలికి దూరి మూట విప్పింది. సజ్జరొట్టెలు, చెనక్కాయల పచ్చడి, నంజుకోను ఎర్రగడ్డలు. తిరుపాలు ఇంకా బయటే నిలబడి, “నేనడిగినదానికి జవాబు చెప్పకపోతివే గురువా?” అన్నాడు.

“చెయ్యి నొస్తాందిరా,” అన్నాడు ఓబులయ్య. “కొమ్మ!”

తిరుపాలు గబుక్కున అందుకున్నాడు. గురువు లోపలికి పోయాక తనూ వంగి దూరి, వెనక ఎవరో ఉన్నట్టు ఆ కొమ్మను మెల్లగా వదిలాడు. ముగ్గురూ మోకాళ్లు తగిలేంత ఇరుగ్గా కూర్చుని రొట్టెలు తుంచుకున్నారు.