మూడు కొండల అవతలి దుప్పి

అనగనగా అన్నవారికి అరచేయంత కథ. ఊ కొట్టినవారికి ఊరంత కథ.

అనగనగా ఒక పెద్ద అడవి. ఆ అడవి అంచున ఒక వాగు. ఆ వాగు ఒడ్డున ఒక చిన్న గూడెము.

ఆ గూడెమున తాతలనాటి కట్టుబాటు ఒకటి కలదు. తొలకరికి ముందు అడవినుండి ఒక దుప్పిని వేటాడి తేవలెను. తలనుండి తోక వరకు ఏ కొరతయు లేకుండ దానిని విత్తనాల గంపల ఎదుట దింపవలెను. అడవితల్లికి మ్రొక్కి, మాంసమును ఇంటింటికి పంచవలెను. ఆ పిమ్మటనే విత్తు వేయవలెను. దుప్పి గూడెము చేరనిదే ఒక్క గింజయు మన్ను చేరరాదు.

ఆ వేటకు ఏటేట ఒక నాయకుని నిలుపుదురు. అతని తలపాగలో నెమలి ఈక చెక్కుదురు. నాయకుడు ముమ్మారు అడవికి పోవచ్చును. మూడవమారు కూడ వట్టి చేతులతో వచ్చెనా, ఈకను తీసి మరియొకనికి ఇయ్యవలసినదే. అంతే కాదు. వట్టి చేతులతో వచ్చిన ప్రతిసారియు గూడెపు ఆడువారు పేడనీళ్ల కుండలతో పొలిమేరకు ఎదురేగి ఆ వేటగానికి తలస్నానము చేయింతురు. అది వారి హక్కు. ఆ హక్కును వారు ఏనాడును వదలుకొన్నవారు కారు.

ఆ యేడు నెమలి ఈక ఉంగన్న తలకెక్కెను.

ఉంగన్న మంచివాడు, గురి తప్పని విలుకాడు. కాని అతనికి తన బాణముకంటె తన కాళ్లమీద గర్వము మెండు.

“మీరంతా నడిస్తే చెప్పులు అరుగుతాయి. నేను నడిస్తే దారి అరుగుతుంది” అని చెప్పుకొనుట అతనికి అలవాటు.

గూడెపు పెద్ద ఇరమయ్య ఈకను చెక్కుచు, “ఒరే ఉంగా! మబ్బు పడమటి కొండకు వచ్చి కూర్చుంది. నువ్వు ఆలస్యం చేస్తే విత్తనం గంపలోనే మొలకెత్తుతుంది. ఏడాదంతా పస్తే” అనెను.

“పెద్దయ్యా, నువ్వు గంపమీది గుడ్డ తీసి ఉంచు. నేను ఇట్టే వచ్చేస్తా” అని ఉంగన్న విల్లు భుజమున వేసికొని ఒంటరిగా అడవిలో ప్రవేశించెను.

మొదటి కొండ ఎక్కగానే పచ్చికలో ఒక దుప్పి మేయుచు కనబడెను. ఉంగన్న బాణము సంధించెను. అంతలో చెట్టుకొమ్మ మీదినుండి ఒక ముసలి కాకి గొంతు సవరించుకొనెను.

“ఓ వీరశిఖామణీ! ఆగుము. ఇది దుప్పియా, దుప్పి బొమ్మయా? ఇంత చేరువ వేట కుంటివారికి తగును గాని నీ పాదములకు తగునా? ఆవలి కొండపై ఇంతకంటె పెద్దది కలదు.”

ఆ మాట ఉంగన్న చెవికి తేనెవలె తగిలెను. అతడు విల్లు దించి రెండవ కొండ ఎక్కెను. అక్కడి దుప్పి నిజముగనే పెద్దది. కాని కాకియు అక్కడికి వచ్చెను.

“ఆహా, ఏమి నడక! గాలియే నీ వెనుకబడినది. ఇంకొక్క కొండ, వీరా! అవతల దుప్పులకు రాజు నీకై వేచియున్నాడు.”

ఉంగన్న మూడవ కొండయు దాటెను. లోయలో, ఎండిన చెట్టంత కొమ్ములతో ఒక మహా దుప్పి నిలిచియుండెను. ఒక్క బాణముతో అది కూలెను. ఉంగన్న గంతులు వేసెను. కాకి కూడ గంతులు వేసెను.

అసలు కష్టము అప్పుడు మొదలయ్యెను.

కొమ్ములు పట్టి లాగెను. ప్రతి పొదయు “మా దుప్పిని ఎక్కడికి తీసికొనిపోవుదువు?” అన్నట్లు ఆ కొమ్ములను పట్టుకొనెను. వెనుక కాళ్లు పట్టి లాగెను. వెండ్రుకలన్నియు ఎదురు తిరిగి నేలను కరచుకొనెను. భుజమున ఎత్తుకొనెను. మోకాళ్లు రెండును ఒకదానికొకటి నమస్కరించెను. ఎట్లో కొంత మిట్ట ఎక్కించెను గాని, దిగుడులో దుప్పియే ఉంగన్నను ఈడ్చుకొనిపోయి మొదటి చోటికే చేర్చెను.

పొద్దు వాలువేళకు ఒక్క కొండయు దాటలేదు. అతడు దుప్పిమీద ఆకులు కప్పి, ఒక బండ చాటున వాలి, ఒడలెరుగక నిద్రపోయెను. తెల్లవారి చూచునప్పటికి నక్కలు విందు ముగించి వెళ్లిపోయెను. ఎముకల మీద కాకి కూర్చుండి ముక్కు తుడుచుకొనుచుండెను.

ఉంగన్న కొమ్ములు మాత్రము భుజాన వేసికొని గూడెము చేరెను. పొలిమేరలో ఆడువారు బారులు తీరియుండిరి. ముందు అతని భార్య భీమక్క, ఆమె ప్రక్క ఉంగన్న మరదలు సుక్కి.

“బావా బావా! కొమ్ములు తెచ్చావా?” అని సుక్కి చప్పట్లు చరచెను. “ఏం, చేలో నాటితే దుప్పులు కాస్తాయా?”

“ఒసే సుక్కీ, తలమీద మాత్రం పోయకే, ఈక తడుస్తుంది!”

“ఈక తీసి నాకియ్యి బావా, జాగ్రత్తగా పట్టుకుంటాను. నువ్వు తల వంచు.”

భీమక్క కుండ ఎత్తుచు, “నీళ్లు తక్కువైతే ఏమీ అనుకోకయ్యా. పరాయివాళ్లకైతే పల్చగా కలుపుతాను. నా మొగుడివని చిక్కగా కలిపాను” అనెను.

గూడెమంతయు కడుపుబ్బ నవ్వెను. పడమటి మబ్బు మాత్రము మరికొంత ముందుకు జరిగెను.

రెండవమారు ఉంగన్న తన భార్య తమ్ములను ఇద్దరిని వెంటబెట్టుకొనెను. వారి పేర్లు నందడు, ముద్దడు. పొడవైన వెదురు బొంగు ఒకటి తీసికొనిరి. దుప్పి కాళ్లను ఆ బొంగుకు కట్టి, చెరియొక కొస మోయవచ్చును గదా! మూడవవాడు మధ్య మధ్య భుజము మార్చును.

కాని ఆ గూడెమున మోతగాండ్రకు ఒక ఆచారము కలదు. బొంగు దించి అలుపు తీర్చుకొన్న చోటనెల్ల ఒక ముక్క కోసి, నిప్పుమీద కాల్చి, మోసినవారు తినవలెను. దానిని వారు దించుడు ముక్క అందురు. ఆ ముక్కను కాదనిన అడవితల్లికి కోపము వచ్చునట. మోయువాడు ఆకలితో మోయరాదని పెద్దలు పెట్టిన మంచి ఆచారమే అది. కాని దుప్పి కొరత లేకుండ చేరవలెననిన బొంగును దారిలో దించనే రాదు.

మొదటి కొండ మీదనే నందడు, “బావా, అదిగో, గడ్డిలో దుప్పి! కొట్టేసేయ్” అని గుసగుసలాడెను.

పైనుండి కాకి అందుకొనెను. “మొన్న ఒంటరిగా మూడు కొండలు దాటిన శూరుడు, నేడు ముగ్గురైన పిమ్మట ఒక్క కొండకే ఆగునా? వినినవారు నవ్వరా?”

“అది దుప్పా, మేకా? పదండ్రా” అని ఉంగన్న ముందుకు సాగెను.

మరల మూడు కొండలు దాటిరి. మరల గొప్ప దుప్పి కూలెను. బొంగుకు కట్టి ఎత్తిరి. సగము మిట్ట ఎక్కగానే ముద్దడు ఉస్సురనెను. దించిరి. ఒక ముక్క కాల్చి తినిరి. కొండ కొమ్మున దించిరి, మరియొక ముక్క. దిగుడులో కాలు జారెను, దించిరి, పడినందుకు ఊరటగా కొంత పెద్ద ముక్క. మోయుటకు బలము కావలెను. బలమునకు తిండి కావలెను. ఆ తిండి బొంగుకే వ్రేలాడుచున్నది! దించిన చోటనెల్ల కాకికి కూడ ఎంగిలి దక్కుచుండెను.

రెండవ కొండ దాటునప్పటికి ముద్దడు ఆశ్చర్యపడెను.

“బావా! బరువు తగ్గిందేమిటి?”

“తగ్గదట్రా మరి? నీ పొట్ట చూసుకో.”

“మోసేది ఆ దుప్పినేగా బావా! బొంగుమీద మోస్తే ఏంటి, పొట్టలో మోస్తే ఏంటి?”

గూడెము పొలిమేర చేరినప్పుడు బొంగుమీద ఒక తల, ఒక తోలు, నాలుగు గిట్టలు మిగిలెను. దూరమే దుప్పిని తినివేసెను.

ఈసారి కుండలు మూడింతలు లేచెను. సుక్కి నవ్వి నవ్వి డొక్కలు పట్టుకొనెను.

“అన్నలూ, మీకు కూడా నేనే పొయ్యాలా? వంగండి, వంగండి! అయినా బావా, మూడు కొండలు ఎక్కి ఎవరిని వెతుకుతున్నావు? తెల్లారి మేం వాగు అవతలికి నేరేడు పళ్లు ఏరుకోవడానికి పోతే, దుప్పులు ముందే వచ్చి రాలినవన్నీ తినేసి పోతున్నాయి. కొమ్ములున్నది ఒకటి మమ్మల్ని చూసి కదలను కూడా కదలదు. అంత నడిచేవాడివి, దాన్నైనా కాస్త అవతలికి తోలిపెట్టరాదూ!”

అందరును నవ్విరి. మీసమునుండి పేడనీళ్లు కారుచున్న ఉంగన్న మాత్రము నవ్వలేదు.

ఇరమయ్య కర్ర ఊనుకొని వచ్చి ఆకాశమును చూపెను. “ఉంగా, గాలి తిరిగింది. రేపో మాపో వాన. నీకిక ఒక్కసారే మిగిలింది. ఈక బరువైతే ఇప్పుడే దించేయ్, తప్పులేదు.”

“ఒక్కసారి చాలు పెద్దయ్యా” అనెను ఉంగన్న. ఆ గొంతులో వెనుకటి బింకము లేదు.

అతడు వాగులో దిగి ఒడలు కడుగుకొనెను. అవతలి ఒడ్డు బురదలో దుప్పుల గిట్టల జాడలు వరుసగా కనబడెను. ఉంగన్న నిలిచి చూచెను. “కొండల అవతలినుండి వీనిని ఇక్కడికి ఎవరు మోసికొని వచ్చిరి? ఎవరును లేరు. వాని కాళ్లే మోసెను. ప్రాణముతో ఉన్నంతవరకు దుప్పికి బరువు లేదు. పడిన క్షణము మొదలు దాని బరువు నాది. అది ఎంత దూరము నడచి వచ్చిన, నాకు అంత తక్కువ మోత!”

మూడవమారు తెల్లవారకముందే ఉంగన్న బావమరదులతో వాగు దాటెను. వారిని ఒక బండ వెనుక దాచి, తాను నేరేడు చెట్టు ఎదుటి పొదలో కూర్చుండెను.

దారిని అరగదీయువానికి కూర్చుండుట ఎంత కష్టమో ఎవరికి తెలియును! ఎడమకాలు “పోదము” అనెను. కుడికాలు “ఇంకను ఆలస్యమేల?” అనెను. చీమలు పిక్కలెక్కెను. ఉంగన్న పండ్లు బిగబట్టి కూర్చుండెను.

అంతలో కాకి వచ్చి వాలెను. దాని కంగారు ఇంతింత కాదు.

“ఓ వీరాధివీరా! ఇదేమి? ఆడువారు పండ్లేరు చోట ఈ కూర్చుండుట ఏమి? లోకము ఏమనును? లెమ్ము! మూడు కాదు, నాలుగవ కొండ అవతల బంగారు వన్నె దుప్పి ఒకటి కలదు. నీవు తప్ప అంత దూరము పోగలవాడు పుట్టలేదు.”

ఉంగన్న మనసు ఒక్క క్షణము ఊగెను. నాలుగవ కొండకు ఇంతవరకు ఎవరును పోలేదు. పాదములు నేలను గీరెను. కాని అతని భుజము, మొన్నటి వాపు తగ్గని ఆ భుజము, సలుపుచుండెను.

“నీ మాట ఎప్పుడు కాదన్నాను కాకీ? తప్పకుండా పోతాను” అనెను ఉంగన్న మెల్లగా. “ఒక్కటి చెప్పు. తిరిగి వచ్చేటప్పుడు బొంగుకు ఒక కొస నువ్వు పడతావా?”

కాకి తెల్లబోయెను. “నేనా? నాకు... రెక్క నొప్పి.”

“పోనీ, ఒక్క గిట్ట?”

“వీరా, నా పని పొగడుట మాత్రమే.”

“అదీ సంగతి! పొగడ్త నీది, మోత నాది, విందు మళ్లీ నీది. నేను రాను. నా కాళ్లు పోదామంటున్నాయి గాని నా భుజం ఒప్పుకోవడం లేదు.”

కాకికి కోపము వచ్చి కావుకావుమని అరచుచు పైకెగిరెను. బండ వెనుక ముద్దడు, “అయ్యో, దుప్పులు బెదిరిపోతాయి” అని తల పట్టుకొనెను. కాని కాకి అరుపునకు బెదరు దుప్పి ఏ అడవిలోను లేదు. ఆకులు కదలెను. కొమ్ముల దుప్పి తన కాళ్లపై తానే నడచి వచ్చి, నేరేడు చెట్టు క్రింద తల వంచెను.

ఉంగన్న బాణము వదలెను. గురి తప్పలేదు.

బొంగు ఎత్తిరి. వాగులో దిగిరి. నడుములోతు నీటిలో నందడు నసిగెను. “బావా, ఒక్కసారి దించుదామా? ఆచారం...”

“నీళ్లలో పొయ్యి రాజెయ్యరా, దించుదాం” అనెను ఉంగన్న.

ఆ మాటకు నవ్వుకొనుచునే ఒడ్డెక్కిరి. సూర్యుడు చెట్ల తలలు దాటకముందే దుప్పి తలనుండి తోక వరకు ఏ కొరతయు లేకుండ విత్తనాల గంపల ఎదుట దిగెను.

ఆడువారు అప్పుడే కుండలలో పేడ కలుపుచుండిరి. సుక్కి కలిపెడి కర్ర చేతబట్టుకొని పరుగున వచ్చెను.

“అన్యాయం బావా! ఇంత పొద్దున్నే ఎవరైనా వస్తారా? ఇంత చిక్కగా కలిపామే, ఇదంతా ఏం చెయ్యాలి?”

“చేలో పొయ్యండే, పైరు బలుస్తుంది!” అని భీమక్క నవ్వి, కుండ ఎత్తి తానే ముందు నడచెను. ఆమె వెనుక గూడెపు ఆడువారందరును నడచిరి.

ఇరమయ్య దుప్పిని చుట్టి చూచి, “భేష్! ఈసారి ఎంత దూరం నడిచావురా ఉంగా?” అని అడిగెను.

“ఈసారి దుప్పి నడిచింది పెద్దయ్యా. నేను కూర్చున్నాను.”

పెద్ద నవ్వి, అడవితల్లికి మ్రొక్కి, మొదటి గుప్పెడు గింజలను ఉంగన్న చేతిలో పోసెను. అతడు వానిని కళ్లకద్దుకొని చేలో చల్లెను. మాంసము ఇంటింటికి చేరెను. డప్పులు మ్రోగెను. అందరును గంపలెత్తుకొని చేలలో బారులు తీరిరి. చివరి చాలు పూడ్చిన ఘడియకు, పడమటి మబ్బు గూడెము మీదికి వచ్చి, కమ్మని మట్టివాసనతో జల్లున కురిసెను.

కావున పిల్లలారా! పొగిడెడు నోరు బరువు మోయదు. పోవు దారిని చూచి మురియకముందే, వచ్చు దారి మోతను తూచుకొనవలెను.