సూదంటుకొండకు వేలాడిన మనుషులు

అనగా అనగా సముద్రం ఒడ్డున తాళపురి అని ఒక రాజ్యం, ఆ రాజ్యానికి హేమవర్మ అని ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు చండవర్మ, నడిపివాడు విలాసవర్మ, చిన్నవాడు సౌమ్యవర్మ. పెద్దవాడికి కత్తి అంటే ప్రాణం. నడిపివాడికి నవ్వులంటే ప్రాణం. చిన్నవాడికి ఏదంటే ప్రాణమో ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. అన్న నిలబడితే తమ్ముడు కూర్చోకూడదు. అన్న చేసే పనిని తమ్ముడు ఎందుకని అడగకూడదు.

తాళపురి వాళ్ళు ఓడల మీద బతికేవాళ్ళు. కొన్నాళ్ళకు వెళ్ళిన ఓడ తిరిగి రావడం మానేసింది. ఏడు సముద్రాల అవతల సూదంటుకొండ ఉందని, దాని మీద కరాళుడనే మాంత్రికుడు ఉన్నాడని తెలిసింది. ఓడ దగ్గరికి రాగానే ఆ కొండ ఓడలోని మేకులన్నీ లాగేసుకుంటుంది. ఓడ విడిపోతుంది. నీళ్ళలో పడ్డవాళ్ళను కరాళుడు పట్టుకుపోతాడు.

"వాణ్ణి చంపినవాడికి పట్టం కడతాను," అని రాజు చాటించాడు.

చండవర్మ ఇనుప కవచం తొడుక్కుని పెద్ద ఓడలో వెళ్ళాడు. ఏడాది గడిచింది, రాలేదు. విలాసవర్మ కవచం లేకుండా, అంతకన్నా పెద్ద ఓడలో వెళ్ళాడు. ఇంకో ఏడాది గడిచింది, రాలేదు. అప్పుడు సౌమ్యవర్మ తండ్రి ముందుకు వచ్చి, "నేను వెళ్తాను నాన్నగారూ, అన్నలను తీసుకొస్తాను," అన్నాడు.

ఓడకోసం రేవుకు వెళ్తే అక్కడ వలలో ఒక తాబేలు చిక్కుకుని ఉంది. సౌమ్యవర్మ వల విప్పి దాన్ని నీళ్ళలోకి తోశాడు. తాబేలు తల పైకెత్తి మాట్లాడింది.

"రాజకుమారా, సూదంటురాయి పట్టు నాకు తెలుసు. నా తల్లి గుడ్లు పెట్టిన ఒడ్డుకు నేను తిరిగి వచ్చేది భూమిలో ఉన్న అలాంటి పట్టును పట్టుకునే. అది కంటికి కనపడదు, నీళ్ళు అడ్డం వచ్చినా ఆగదు. దూరాన ఉంటే ఉన్నట్టే తెలియదు. దగ్గరికి పోయేకొద్దీ ఒకటికి రెండు కాదు, ఎన్నో రెట్లవుతుంది. అప్పుడు తిరగబోయినా తిరగలేవు. కాని అది నిన్ను కోరదు, నీ దగ్గరున్న ఇనుమును కోరుతుంది. ఇనుము వదిలేసి పో."

పిల్లలూ, చెడ్డ అలవాటు కూడా అంతే. దూరాన ఉన్నప్పుడు వదలడం తేలిక.

రేవు చివర జాలరిపేటలో పోలయ్య అనే ముసలివాడు కొబ్బరిపీచు తాళ్ళతో పడవలు కుట్టేవాడు. చెక్కకు చెక్క చేర్చి, కన్నాలు పొడిచి, బట్ట కుట్టినట్టు కుట్టేవాడు. ఒక్క మేకు ఉండదు. రాజులు అలాంటి పడవ ఎక్కడం ఎన్నడూ లేదు. పోలయ్య కూతురు నూకాలు రాజకుమారుణ్ణి తేరిపార చూసింది.

"ఏటి బాబూ, దారి తప్పారా? రాజుల ఓడలు అటేపు."

"మీ పడవే కావాలి."

"మా పడవ కుట్లు రోజూ బిగించుకోవాలి. నీళ్ళు తోడాలి. మీ చేతులు చూస్తే అన్నం కలుపుకోడమైనా వచ్చునో రాదో."

"నేర్పితే నేర్చుకుంటాను."

"మా అన్న ఎర్రన్న మీ పెద్దన్నగారి ఓడలోనే పోయాడు. నేనూ వస్తాను. నేర్పడానికి కాదు, మా అన్నకోసం."

తాబేలు చెప్పింది విని పోలయ్య రాజకుమారుడి ఒళ్ళంతా తడిమాడు. మొలనున్న కత్తి తీయించాడు. నడుముకు కట్టిన దట్టీ కొక్కెం తీయించాడు. అంగీ బొందుకు గుచ్చి ఉన్న సూది కూడా తీసి ఇసకలో పారేశాడు. తాగే నీళ్ళకు ఇనుప తొట్టి వద్దని పెద్ద రాగి గంగాళం పడవలో పెట్టాడు.

సౌమ్యవర్మ, నూకాలు ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఆరు దాటారు. ఏడో సముద్రంలో చెక్కలు తేలుతూ కనిపించాయి. చెక్కల నిండా మేకుల కన్నాలు. మేకు ఒక్కటీ లేదు. నూకాలు ఆ తరువాత వేళాకోళం ఆడలేదు.

కొండ వచ్చింది. నల్లగా, నిలువుగా, గోడలా ఉంది. ఆ గోడ నిండా మనుషులు. చేతులకు, నడుముకు ఇనుప పట్టాలు వేసి కరాళుడు వాళ్ళను కొండకు అంటించాడు. గొలుసు లేదు, తాడు లేదు. రాయి పట్టు ఒక్కటే వాళ్ళను పట్టుకుని ఉంది. ముందు దొరికినవాళ్ళు కింద, తరువాత దొరికినవాళ్ళు పైన, మొత్తం అరవై మంది. కొండ చారల్లో కారే నీళ్ళు తాగి, కరాళుడు విసిరే గంజి మెతుకులు తిని బతుకుతున్నారు.

కింది వరసలో చండవర్మ ఉన్నాడు. "వచ్చావా? కత్తి ఏది?" అన్నాడు.

తాటిచెట్టంత ఎత్తు నుంచి విలాసవర్మ గొంతు వినిపించింది. "ఒరే తమ్ముడూ, ఇక్కడినుంచి ఏడు సముద్రాలూ కనిపిస్తున్నాయి. చూసి చూసి విసుగొచ్చింది. కాస్త తొందరగా దింపు."

కరాళుడు నెల రోజులు మేలుకుని ఉంటాడని, నెల రోజులు నిద్రపోతాడని, నిన్ననే నిద్రపోయాడని, వాడి ప్రాణం గుహలో చిలుకలో ఉందని, వాడి మంత్రం వల్లే కొండకు ఆ పట్టు ఉందని వాళ్ళే చెప్పారు. సౌమ్యవర్మ గుహ దగ్గరికి వెళ్ళాడు. వాకిలికి ఇటు గాజు స్తంభం, అటు లక్క స్తంభం. కొండ మీదినుంచి పడే నీటిధారకు చక్రాలు తిరిగి గాజును పట్టుగుడ్డతో, లక్కను పులితోలుతో రుద్దుతున్నాయి. రెండింటి మధ్య నీలి మెరుపులు దూకుతున్నాయి. పది అడుగుల దూరంలోనే అతని చేతి వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. వాకిట్లో, ఎప్పుడో లోపలికి పోబోయినవాళ్ళవి, రెండు కాలిన శవాలు పడి ఉన్నాయి.

వెనక్కి వస్తుంటే ఆటుకు సముద్రం వెనక్కి తగ్గాక రాళ్ళ మధ్య మిగిలిన మడుగులో ఒక చేప కొట్టుకుంటోంది. ఎత్తబోతే చెయ్యి భుజం దాకా తిమ్మిరెక్కింది. జారవిడిచాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ తిమ్మిరెక్కింది. మూడోసారి పళ్ళు బిగించి ఎత్తి సముద్రంలో వేశాడు.

"నొప్పి పెట్టినా వదలనివాణ్ణి నిన్ను ఒక్కణ్ణే చూశాను," అంది చేప. "మెరుపు నా ఒంట్లోనూ ఉంది. దాని గుణం చెబుతా విను. అది రాగి దొరికితే రాగి పైపైనే పరుగెత్తి నేలలోకి పోతుంది. రాగి డొల్ల లోపలికి రాదు."

సౌమ్యవర్మ గంగాళంలో నీళ్ళు కుండల్లోకి పోసి, దాన్ని బోర్లించి, కింద దూరి, అంచు నేలకు రాపాడేలా గొంతుక్కూచుని పాక్కుంటూ వెళ్ళాడు. మెరుపులు గంగాళం మీద వడగళ్ళలా పడ్డాయి. లోపల చీకటి, చెమట, చప్పుడు. ఒక్కటీ అతన్ని తాకలేదు.

గుహలో కరాళుడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పక్కన బంగారు పంజరం, అందులో పచ్చ చిలుక. సౌమ్యవర్మ చెయ్యి చాపాడు. పంజరం పక్కన నూనె గిన్నెలో ఒక చీమ మునిగిపోతోంది. చాపిన చేత్తోనే దాన్ని తీసి ఒడ్డున పెట్టాడు.

చీమ కాళ్ళు తుడుచుకుని అడిగింది. "చిలుకను చంపితే ఏమవుతుంది?"

"మాంత్రికుడు చస్తాడు."

"వాడు చస్తే?"

"రాయికి పట్టు పోతుంది."

"పట్టు పోతే?"

సౌమ్యవర్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నేను కొండ కొమ్ము నుంచి పడ్డా లేచి నడిచిపోతాను," అంది చీమ. "మీ జాతి పడితే లేవదు. ఇనుము వదిలేస్తే సూదంటురాయి నిన్ను వదిలింది. రాగి కప్పుకుంటే మెరుపు నిన్ను వదిలింది. బరువు అలా కాదు. దానికి వదిలేసేది లేదు, కప్పుకునేది లేదు. రాజునూ ఒకేలా లాగుతుంది, జాలరినీ ఒకేలా లాగుతుంది."

సౌమ్యవర్మ చిలుకను ముట్టకుండా, మళ్ళీ గంగాళం కింద దూరి బయటికి వచ్చాడు.

"చంపావా?" అని చండవర్మ అడిగాడు.

"లేదన్నా. చంపితే మీరందరూ పడిపోతారు. ముందు దింపుతాను. తరువాతే చిలుక." అందరికీ వినపడేలా మూడుసార్లు చెప్పాడు.

"పిరికివాడికి సాకులు బాగా దొరుకుతాయి," అన్నాడు చండవర్మ.

మరునాటి నుంచి పని మొదలైంది. విరిగిన ఓడల దూలాలు తెచ్చి, తాళ్ళతో కట్టి మంచె లేపారు. ఇనుము వాడడానికి లేదు గనక రాళ్ళతోనే పట్టాల చీలలు కొట్టి విరగ్గొట్టాలి. ముందు మనిషికి తాడు కట్టాలి, తరువాత చీల విరగ్గొట్టాలి, తరువాత మెల్లగా దింపాలి. మొదటిరోజు ఒక్కడే దిగాడు, చండవర్మ. దిగినవాళ్ళు పనిలోకి వచ్చారు. చండవర్మ మాత్రం ఒక రాతి మీద కూర్చుని గుహ వైపు చూసేవాడు. మూడోరోజు నూకాలు తన అన్న ఎర్రన్నను దింపబోతుంటే అతను ఒప్పుకోలేదు. "నా పక్క ముసలాయనకి దగ్గు. ఆయన్ని దింపండి. నేను ఇక్కడినుంచే చేయి సాయం పడతాను, ఆఖర్న దిగుతాను," అన్నాడు. కుడిచేతి పట్టా ఒక్కటే విరగ్గొట్టించుకుని, వేలాడుతూనే మంచె పైనున్నవాళ్ళకు తాళ్ళు అందించేవాడు.

ఇరవై రోజులకు ముప్పై తొమ్మిది మంది దిగారు. ఇంకా ఇరవై ఒక్కమంది ఉన్నారు, కరాళుడు లేవడానికి ఎనిమిది రోజులు ఉన్నాయి, ఇప్పుడు రోజుకు ముగ్గురు దిగుతున్నారు. సరిపోతాయి.

గంగాళం గుహ ముందే పడి ఉంది. "దానికి కాపలా పెట్టండి బాబూ. మీ పెద్దన్నగారి చూపు నాకు నచ్చలేదు," అంది నూకాలు.

"అన్నకు కాపలా పెట్టమంటావా?" అన్నాడు సౌమ్యవర్మ. అతను చేసిన తప్పు అది ఒక్కటే. అది చిన్న తప్పు కాదు.

ఇరవై ఒకటో రోజు పొద్దున, ఎండ కొండను తాకే వేళకు, సౌమ్యవర్మ మంచె చివర నిలబడి విలాసవర్మ నడుముకు తాడు కట్టబోతున్నాడు.

"మెల్లగా కట్టరా. ఇంటికెళ్ళాక మన వంటవాడి చేత పనసపొట్టు కూర చేయించాలి," అన్నాడు విలాసవర్మ. "ఒట్టు, ఇంక వాణ్ణి ఏడిపించను."

కింద గంగాళం నేలకు రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. సౌమ్యవర్మ తల తిప్పి చూశాడు. గంగాళం గుహలోకి వెళ్ళిపోయింది. "అన్నా, వద్దు," అని అరిచాడు. ఎర్రన్న విడిపించుకున్న ఒక్క చేత్తో పక్కవాడి నడుముకు తాడు చుట్టబోయాడు.

లోపల చిలుక ఒకసారి కూసింది.

కొండ పట్టు వదిలింది. విలాసవర్మ వేళ్ళు సౌమ్యవర్మ అరచేతిలోంచి జారిపోయాయి. ఇరవై ఒక్కమందీ ఒక్కసారే పడ్డారు. రాజకుమారుడు ముందూ పడలేదు, జాలరి వెనకా పడలేదు. ఆ చప్పుడు గురించి నేను చెప్పను.

చండవర్మ చిలుక తల చేతపట్టుకుని గంగాళం కిందినుంచి బయటికి వచ్చాడు.

"నేను మూడుసార్లు చెప్పాను. వినలేదా?" అన్నాడు సౌమ్యవర్మ.

"విన్నాను. అందరూ చస్తారనుకోలేదు. కొందరు బతుకుతారనుకున్నాను."

పోయినవాళ్ళను అక్కడే దహనం చేశారు. ఓడచెక్కలతో నూకాలు చెప్పినట్టు పడవలు కుట్టుకుని, ఏడు సముద్రాలూ దాటి తాళపురి చేరారు. ఒడ్డున ఆడవాళ్ళందరూ నిలబడి ఉన్నారు. హేమవర్మ పళ్ళెంలో కిరీటం పట్టించుకుని వచ్చాడు.

"కరాళుణ్ణి చంపింది ఎవరు?"

"నేను," అన్నాడు చండవర్మ.

రాజు చిన్నకొడుకు వైపు చూశాడు. "నిజమే నాన్నగారూ. అన్నే చంపాడు."

"మాట ఇచ్చాను. తప్పను," అని రాజు పెద్దకొడుకు తలమీద కిరీటం పెట్టాడు. "ఇప్పుడు నువ్వు రాజువి. ఇరవై ఒక్క ఇళ్ళకు మనిషి రాలేదు. ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో ఆ ఇళ్ళవాళ్ళకు చెప్పడం రాజు పని. చెప్పు."

"విలాసవర్మ," అన్నాడు చండవర్మ. రెండో పేరు అతనికి తెలియలేదు.

ఒక ముసలమ్మ ముందుకు వచ్చింది. "మా గవరయ్య ఏడి బాబూ?"

ఏడాది పాటు గవరయ్య తన నెత్తిమీదే పై వరసలో వేలాడాడని చండవర్మకు తెలియదు. తమ్ముడి వైపు తిరిగి, "నువ్వు చెప్పు," అన్నాడు.

సౌమ్యవర్మ చెప్పాడు. "గవరయ్య. మా అన్న చిలుకను చంపాడు, నేను కాపలా పెట్టలేదు, గవరయ్య పడి చనిపోయాడు." తరువాత ఇంకో పేరు, మళ్ళీ అదే మాట. తరువాత ఇంకో పేరు, మళ్ళీ అదే మాట. ఎర్రన్న పేరు వచ్చినప్పుడు పోలయ్య ఇసకలో కూలబడ్డాడు. పన్నెండో పేరు దగ్గర చండవర్మ కిరీటం తీసి పళ్ళెంలో పెట్టాడు. మిగతా పేర్లు తల వంచుకుని విన్నాడు. ఆఖరి పేరు అయ్యాక గవరయ్య ఇంటి వాకిటికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఏం కావాలి?" అంది ముసలమ్మ.

"మీ అబ్బాయి చేసే పని చెప్పండి. ఏడాది చేస్తాను. తరువాత పక్క ఇంటికి పోతాను."

ముసలమ్మ వాకిట్లో ఉన్న వల చూపించింది. "వల తడిగా ఉంది. ఆరెయ్యి," అంది.

సౌమ్యవర్మకు పట్టం కట్టారు. ఏడాది మైల గడిచాక అతను పోలయ్య గుడిసెకు వెళ్ళి నూకాలును అడిగాడు.

"మీ అన్న మా అన్నను చంపాడు. మీరు దింపబోయారు. రెండూ నాకు గుర్తుంటాయి," అంది నూకాలు. "ఆ రెండూ మరిచిపొమ్మని ఎన్నడూ అడగనంటే వస్తాను."

"అడగను," అన్నాడు.

పెళ్ళి జరిగింది. ఊరంతా అన్నం తిన్నారు. సౌమ్యవర్మ, నూకాలు నలభై ఏళ్ళు రాజ్యం చేశారు. వాళ్ళ కాలంలో ఓడలు వెళ్ళాయి, తిరిగి వచ్చాయి.

చండవర్మ ఏడాదికొక ఇల్లు చొప్పున పని చేస్తూ పధ్నాలుగో ఇంట్లో, పడవ లాగుతూ పడి చనిపోయాడు. తమ ఇల్లు పోను ఇంకా ఆరు ఇళ్ళు మిగిలాయి. మరునాడు సౌమ్యవర్మ మహారాజు తెల్లవారకముందే లేచి, కిరీటం ఇంట్లో పెట్టి, పదిహేనో ఇంటి వాకిట్లో నిలబడి, "ఏం పని చెయ్యమంటారు?" అని అడిగాడు. సభ వేళ దాకా అక్కడ పని, తరువాత సభ. అలా ఆరేళ్ళు చేశాడు.

ఇంతే కథ. విన్నవాళ్ళు లేచి, ఎవరి పని వాళ్ళు చూసుకోండి.