చుక్కడు తాగిన మడ్డినీళ్లు

వానలు మొహం చాటేసిన ఆ ఏడు, రైతు ఈరప్ప కొట్టంలో ఎండు జొన్నచొప్ప తప్ప మరో మేత లేదు. ముసలి ఎద్దు మైలన్న డొక్కలు ఎండిపోయాయి. పక్కన కట్టిన కోడె చుక్కడికి తల్లి లేదు. మైలన్నే వాణ్ణి నాకి పెంచాడు.

ఈరప్ప యూరియా, బెల్లం మడ్డి నీళ్లలో కలిపి బానలో ఉంచి, పొద్దున ఒక గరిటె, సాయంత్రం ఒక గరిటె చొప్ప మీద చిలకరించేవాడు.

"ఇదేంటి మామా?" అన్నాడు చుక్కడు.

"మన పొట్టలో కంటికి కనపడని జీవాలున్నాయిరా. చొప్పను అరిగించేది అవే. ఇది వాటికి కూడు."

"మరి ఇంత కొంచెమేనా?"

"పెట్టినంత తిను. ఊరికే ప్రశ్నలెయ్యకు." కాలినొప్పితో ఆ పూట మైలన్నకు ఓపిక లేదు.

మర్నాడు మైలన్న నీళ్లబండికి వెళ్లగానే నిన్నటి మాటలు గోడచాటున విన్న నక్క దగ్గరికొచ్చింది.

"మీ మామ కుంటుతున్నాడే! ఈ నెల దాటితే సంతకు తోలేస్తారు."

చుక్కడు పలుపు సాగేదాకా గోడవైపు జరిగాడు. "ఆయన బదులు నేను కాడి మోస్తే?"

"ఈ డొక్కలతోనా? పొట్టలో అన్ని జీవాలకు రెండు గరిటెలేం చాలతాయి? బానెడూ పట్టించు. రేపటికల్లా బలం అదే వస్తుంది."

మామ చెప్పినదానికి ఆ మాట సరిగ్గా అతికింది. చుక్కడు పలుపు తెంపుకుని, మూత తోసేసి, అడుగుదాకా తాగాడు.

మైలన్న తిరిగొచ్చేసరికి వాడు నేలమీద వణుకుతున్నాడు. నోటివెంట నురగ. పొట్ట ఉబ్బిపోయింది.

"ఎందుకు తాగావురా!"

"వాటికి కూడన్నావుగా మామా. రేపట్నుంచి కాడి నేను మోస్తా."

"రోజూ కొంచెం కొంచెం అందితేనే కూడురా! ఒక్కసారే పోస్తే అవి వాడుకోలేవు. మిగిలింది విషమై నెత్తుట్లో కలుస్తుంది."

ఆ మాట నిన్న చెప్పాల్సింది. ఈరప్ప పరుగున వచ్చి విరుగుడుగా చన్నీళ్లలో వెనిగర్ కలిపి పోశాడు. అవి గొంతు దిగకముందే చుక్కడి ఊపిరి ఆగింది.

ఈరప్ప లోతుగా గొయ్యి తీసి పూడ్చి, పైన ముళ్లకంప పరిచాడు. నక్క మూడు రోజులు చుట్టూ తిరిగి ఖాళీ కడుపుతో పోయింది.

ఆ తర్వాత కొట్టంలోకి వచ్చిన ప్రతి దూడకూ మైలన్న అడక్కుండానే అంతా చెప్పేవాడు. చెప్పాక గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఇంతే తినమని చెప్పేవాళ్లు, ఎందుకంతేనో కూడా చెప్పాలి.